గేటు బయటి బండి చెప్పే పాఠం



సాయంత్రం ఆఖరి క్లాసు అయిపోగానే మన కాళ్లు ఎటు పోతాయి? లైబ్రరీకి అంటే నమ్మేవాళ్లు లేరు. గేటు బయట మిర్చి బండి దగ్గరికే పోతాయి. ఈ వ్యాసం కూడా అక్కడినుంచే మొదలవుతుంది. మనం రోజూ తినే ఈ తిండ్లు ఎక్కడివి? వాటిని ఎట్లా చూసి తినాలి? వండిపెట్టే మనిషికి మనం ఏం బాకీ ఉన్నాం? ఈ మూడు ప్రశ్నలే నేటి పాఠం.

1. ఓరుగల్లు తిండి

డబ్బిచ్చి బయట తినడం ఓరుగల్లుకు కొత్త కాదు. 'క్రీడాభిరామం'లో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఈ నగరం వీధుల్లో ఒకరోజంతా తిరుగుతారు. అందులో పూటకూళ్ల ఇంటి భోజనం ప్రస్తావన ఉంది. మంచి అన్నం, గోధుమపిండి వంట, పెసరపప్పు, నెయ్యి, అరటిపళ్లు, గడ్డపెరుగు, అన్నీ కలిపి ఒక్క రూక!

ఆ జాబితాలో మిర్చి లేదు. ఉండే వీలూ లేదు. మిరపకాయ అమెరికా ఖండంలో పుట్టి, 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి వెంట మన దేశానికి వచ్చింది. కాకతీయ రాజ్యం 1323లోనే అంతరించింది. కనుక రుద్రమదేవికి మిరియాల కారమే తప్ప మిరపకారం తెలియదు! ఇవాళ సీజనులో ఎనుమాముల మార్కెట్టు మిర్చి బస్తాలతో ఎర్రబడుతుంది. మన వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. సర్వప్పలో బియ్యప్పిండి మన పాతదే గాని, అందులో పడే పల్లీలూ, కారమూ సముద్రం దాటి వచ్చినవే. బొగ్గుల మీద కాల్చే మక్కకంకి సంగతీ అంతే.

2. ఆసియా అంతా ఒక్క వరుసలో

మిర్చి బండి పక్కన సమోసా. దీని పూర్వీకులు ఇరాన్, మధ్య ఆసియా ప్రాంతాల వాళ్లు. 14వ శతాబ్దంలో ఢిల్లీకి వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా, మహమ్మద్ బిన్ తుగ్లక్ విందులో మాంసం, బాదం, పిస్తా పెట్టిన సమోసాను చూసి రాశాడు. ఆ తుగ్లకే యువరాజుగా ఉన్నప్పుడు 1323లో ఓరుగల్లు కోటను పట్టుకున్నాడు. ఆలుగడ్డ తర్వాతెప్పుడో దక్షిణ అమెరికా నుంచి వచ్చి సమోసాలో చేరింది.

ఆ పక్కన నూడుల్స్ బండి. ఈ వంట మన దేశంలో పాతుకుపోవడానికి కలకత్తాలో స్థిరపడిన చైనీయులు ముఖ్య కారణం. గోబీ మంచూరియా మాత్రం పేరుకే చైనాది, పుట్టింది మన దేశంలోనే. మోమోలు టిబెట్, నేపాల్ కొండలు దిగి వచ్చాయి. చాయ్ ఆకు చైనాది. 1830ల తర్వాత బ్రిటిష్ వాళ్లు అస్సాంలో తోటలు వేశారు. దాంట్లో పాలు, చక్కెర పోసి మరిగించుకోవడం మన పద్ధతి. భూగోళశాస్త్రం పుస్తకంలో అర్థం కాకపోతే ఈ బండ్ల వరుసలో నిలబడి చదువుకోవచ్చు.

3. చూసి తినడం

మరిగే నూనెలోంచి కళ్లముందు తీసిన మిర్చి, తీసి చాలాసేపయిన మిర్చి ఒకటి కావు. వేడికి క్రిములు చస్తాయి. చల్లారి, ఈగలు వాలితే మళ్లీ చేరతాయి. గప్‌చుప్ సంగతి వేరు. అది పొయ్యి ఎక్కని నీళ్లతో చేసేది, పైగా చెయ్యి ముంచి ఇచ్చేది. టైఫాయిడ్, కొన్ని రకాల కామెర్లు కలుషితమైన నీళ్ల వల్లే వస్తాయి. నూనె నల్లబడి, చిక్కబడి, నురగ కడుతుంటే పక్క బండికి నడవండి. పదే పదే కాచిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ అనే పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం మించితే ఆ నూనె వాడరాదని 2018 జూలై నుంచి నిబంధన ఉంది. న్యూస్‌పేపర్ చదవడానికే మంచిది. దాని సిరా మిర్చి నూనెతో కలిసి కడుపులోకి పోకూడదు.

4. మన బాకీ

ఇక అసలు మాట. "బండి దగ్గర శుభ్రత ఉండదు" అని మనం ముక్కు మూసుకుంటాం. మరి గేటు బయట నల్లా ఉందా? చెత్త డబ్బా ఉందా? దూరం నుంచి బిందెతో నీళ్లు మోసుకొచ్చే ఆ అక్క, ప్లేటుకు ఎన్ని చెంబుల నీళ్లు పోసి కడగగలదు?

సింగపూర్‌లోనూ ఒకప్పుడు తిండి బండ్లు ఇట్లాగే రోడ్ల మీద ఉండేవి. అక్కడి ప్రభుత్వం 1970లలో, 80లలో వాళ్లకు నీళ్లు, మురుగు కాలువల వసతి ఉన్న కేంద్రాలు కట్టించి అక్కడికి మార్చింది. 2020లో ఆ సంస్కృతికి యునెస్కో గుర్తింపు వచ్చింది. మన దేశంలో 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. దాని ప్రకారం సర్వే చేసి అర్హులకు ధ్రువపత్రాలు ఇవ్వాలి. అది పూర్తికాకుండా ఎవరినీ లేపరాదు. వ్యాపార స్థలాలను చూసే పట్టణ కమిటీలో కనీసం 40 శాతం మంది ఆ వ్యాపారులే ఉండాలి. చట్టం మనకు పరీక్షలో వచ్చే ప్రశ్న కావచ్చు, వాళ్లకు మాత్రం పొయ్యి మీది కూడు.

మెస్ మూసిన రాత్రి, స్కాలర్‌షిప్ అందని నెలల్లో, "ముందు తిను బిడ్డా, పైసలెటు పోతయ్" అన్న గొంతు మనలో చాలామంది విన్నదే. ఆ మాటకు వడ్డీ కట్టలేం. అసలైనా తీర్చుదాం. విద్యార్థి సంఘం ఈ ఏడు అడగవలసిన వాటిలో గేటు దగ్గర ఒక నల్లా, ఒక చెత్త డబ్బా, నీడకు ఒక రేకుల కప్పు కూడా చేర్చాలని నా విన్నపం. ఖాతాలో మిగిలిన బాకీ మాత్రం ఎవరిది వాళ్లే, ఫేర్‌వెల్ లోపలే కట్టెయ్యాలి!