సర్పంచి, మండలాధ్యక్షుడు, ముఖ్యమంత్రి



మా విచారణ యువకుల కూటమిలో ఒక అబ్బాయి అడిగాడు: "ఫాదర్, ముఖ్యమంత్రిని కూడ ప్రజలే నేరుగా ఎన్నుకుంటే పోదా? ఇక ఎమ్మెల్యేలతో పనేముంది?"

ఇది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. దీనికి ఉదాహరణ మన పల్లెలోనే ఉన్నది. సర్పంచిని మనమే ఓటు వేసి ఎన్నుకుంటాము. వార్డు మెంబర్లు అందరూ ఏకమైనా అవిశ్వాసం పెట్టి ఆయనను దించలేరు. ఇది అధ్యక్ష తరహా. మండలాధ్యక్షుని మాత్రం మనం గెలిపించిన ఎం.పి.టి.సి. సభ్యులు ఎన్నుకుంటారు. అవిశ్వాసంతో దించగలిగేదీ వారే. ఇది పార్లమెంటరీ తరహా. (1987లో మండలాధ్యక్షులను కూడ ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. పెద్దలకు గుర్తుండే ఉంటుంది.)

అమెరికా అధ్యక్షుడు నాలుగేండ్లకు ఎన్నికవుతాడు. చట్టసభలో తన పార్టీకి మెజారిటీ లేకపోయినా పదవిలో ఉంటాడు. మన దేశంలోనో, 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం లోక్‌సభలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. డాక్టర్ అంబేద్కర్ 1948 నవంబరులోనే రాజ్యాంగ సభకు ఈ సంగతి విడమరచి చెప్పారు: ఒక పద్ధతిలో నిలకడ ఎక్కువ, మరొక దానిలో జవాబుదారీతనం ఎక్కువ. మనవారు జవాబుదారీతనాన్నే కోరుకున్నారు.

కాని ఓటు వేసేటప్పుడు మనకిది గుర్తుంటుందా? 1983లో ఎంతోమంది తమ అభ్యర్థిని చూసి ఓటు వేయలేదు, రామారావుగారిని చూసి వేశారు. వెండితెర మీద రాముడుగా, కృష్ణుడుగా చూసిన ముఖమది. 1984 ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ ఆయనను తొలగించి, నాదెండ్ల భాస్కరరావుగారి చేత ప్రమాణం చేయించారు. జనం భగ్గుమన్నారు. ఆ కోపం న్యాయమైనదే, ఎందుకంటే బలమెవరిదో సభలో తేల్చకుండానే తొలగించారు. సభ్యులు చేజారకుండ వారిని కర్ణాటకకు తరలించి ఉంచవలసి వచ్చింది. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. బలం సభలోనే తేలాలని సుప్రీంకోర్టు బొమ్మై కేసులో స్పష్టం చేసేసరికి 1994 వచ్చింది. మరుసటి ఏడే ఎక్కువమంది ఎమ్మెల్యేలు చంద్రబాబునాయుడుగారి వైపు చేరగా రామారావుగారు పదవి కోల్పోయారు.

1990 డిసెంబరులో, నాటి నెల్లూరు జిల్లా వాకాడుకు చెందిన నేదురుమల్లి జనార్దనరెడ్డిగారు ముఖ్యమంత్రి అయినప్పుడు మాత్రం, 'మమ్మల్ని అడిగారా?' అని మనమెవ్వరం కోపగించుకోలేదు. మనవాడేనని సంబరపడ్డాం!

రాజకీయాలలో భక్తి నియంతృత్వానికి దారితీస్తుందని అంబేద్కర్ 1949లో హెచ్చరించారు. పీఠం ముందు మోకరించే మనకు భక్తి అంటే ఏమిటో బాగా తెలుసు. దాన్ని కటౌటు దగ్గరకు మోసుకుపోతే ఏ పద్ధతి అయినా ఒకటే.

ఆ అబ్బాయికి ఇలా చెప్పాను: "ముఖ్యమంత్రిని నిలదీయగలిగినవాడు ఎమ్మెల్యే. మనం ఆయన దగ్గరకు పోయేది సిఫారసు ఉత్తరం కోసం. వేట నిషేధం 61 రోజుల భృతి గురించి సభలో ఏమడిగావని ఆయనను ఎవరైనా అడిగారా?"

"ఆయన అక్కడ ఏమడిగాడో మాకెట్లా తెలుస్తుంది ఫాదర్?"

సభలో ప్రశ్నోత్తరాల సమయమని ఒకటి ఉన్నదనీ, ఆ ప్రశ్నలు, జవాబులు రికార్డు అవుతాయనీ చెప్పాను. వచ్చే ఆదివారం పూజ తరువాత మేమంతా కూర్చొని, మన ఎమ్మెల్యేగారు సభలో అడగవలసిన ప్రశ్న ఒకటి వ్రాయబోతున్నాం.