నిండిన మీటరు, అరిగిన బ్యాటరీ
పాత ఎలక్ట్రిక్ కారు క్రయవిక్రయాల్లో మన బాధ్యత

 

ఆ మధ్య బత్తలపల్లెలో అస్ర్ నమాజు ముగిశాక ఒక సోదరుడు నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు. "హజ్రత్, నా దగ్గర కరెంటు కారు ఉంది. 2020లో కొన్నాను. కొత్తలో ఒక్క చార్జింగుతో అనంతపురానికి మూడుసార్లు పోయొచ్చేవాణ్ణి. ఇప్పుడు మూడోసారి పోతే తిరిగి ఇల్లు చేరుతానన్న నమ్మకం లేదు. అమ్మేద్దామనుకుంటున్నాను. కదిరి నుండి ఒకాయన చూడటానికి వస్తానన్నాడు. బ్యాటరీ సంగతి ఆయన అడగలేదు. రాత్రంతా చార్జింగు పెట్టి, మీటరు నిండుగా చూపిస్తే చాలంటాడు మా బామ్మర్ది. అడగని సంగతి నేనెందుకు చెప్పాలి?" అన్నాడు.

ఈ ప్రశ్న ఆ సోదరుడొక్కడిదే కాదు. మన జిల్లాలోనే, పెనుకొండ దగ్గరున్న కియా కర్మాగారం నుండి 2025లో క్యారెన్స్ క్లావిస్ ఎలక్ట్రిక్ కారు మార్కెట్లోకి వచ్చింది. నేడు కొత్తగా కొన్న బండ్లే రేపు పాత బండ్ల బజారుకు వస్తాయి. కనుక ఈ విషయంలో ధర్మం ఏమిటో, పరీక్షించే పద్ధతి ఏమిటో రెండూ తెలుసుకోవడం మనకు అవసరం.

చార్జింగు వేరు, ఆరోగ్యం వేరు

మన కరువు సీమలో చెరువు సంగతి తెలియనివారు లేరు. పూడిక పేరుకున్న చెరువు కూడా ఒక మంచి వానకు నిండుతుంది, అలుగు పారుతుంది. గట్టు మీద నిలబడి చూసేవారికి అది నిండు చెరువే. కాని పూర్వం రెండు కార్లకు పారిన నీరు ఇప్పుడు ఒక్క కారుకే సరిపోతుంది. బ్యాటరీ కూడా అంతే. మీటరులో కనిపించే 100 శాతం, ఇప్పుడున్న చెరువు నిండిందని మాత్రమే చెబుతుంది. ఆ చెరువు కొత్తలో ఎంత లోతు ఉండేది, ఇప్పుడు ఎంత మిగిలింది అన్నది బ్యాటరీ ఆరోగ్యం. కొత్తలో 30 యూనిట్లు పట్టిన బ్యాటరీ ఇప్పుడు 24 యూనిట్లే పడితే దాని ఆరోగ్యం 80 శాతం. ఇక్కడ యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే యూనిటే.

లిథియం బ్యాటరీ వాడినా, వాడకపోయినా కాలంతోపాటు కొంత అరుగుతుంది. దానికి పెద్ద శత్రువు ఎండ. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో బండిని పూర్తిగా చార్జ్ చేసి రోజులకొద్దీ ఎండలో నిలిపితే అరుగుదల మరింత త్వరపడుతుంది. అమెరికాలో 2010 డిసెంబరులో అమ్మకానికి వచ్చిన నిస్సాన్ లీఫ్ కారు విషయంలో ఇదే జరిగింది. దాని బ్యాటరీని చల్లబరచడానికి ద్రవంతో పనిచేసే ఏర్పాటు లేదు. 2012 నాటికే అరిజోనా ఎడారి ప్రాంతపు యజమానులు బ్యాటరీ త్వరగా తగ్గిపోతోందని ఫిర్యాదు చేశారు. ఆ కారులో బ్యాటరీ శక్తిని చూపే 12 గీతలుండేవి. తర్వాతి కాలంలో కొందరు అమ్మకందారులు కంప్యూటరు లెక్కను చెరిపి, తగ్గిన గీతలు మళ్లీ 12 కనిపించేలా చేసి అమ్మారు. కొన్నవాడు కొంతకాలం తిప్పాక గీతలు తిరిగి తగ్గిపోయేవి.

పాలు పితకకుండా నిలిపిన పశువు

పైన చెప్పిన మోసం కొత్తది కాదు. పద్నాలుగు శతాబ్దాల క్రితం అరబ్బు సంతల్లో గొర్రెను, ఒంటెను అమ్మే ముందు రెండు మూడు రోజులు పాలు పితకకుండా ఉంచేవారు. పొదుగు నిండుగా ఉబ్బి కనిపించేది. కొన్నవాడు అది ఎక్కువ పాలిచ్చే పశువనుకునేవాడు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇలా చేయడాన్ని నిషేధించారు. అలాంటి పశువును కొన్నవాడు పాలు పితికి చూశాక, ఇష్టమైతే ఉంచుకోవచ్చని, లేదా దానితోపాటు ఒక సా ఖర్జూరాలు ఇచ్చి తిరిగి అప్పగించవచ్చని తెలిపారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఉంది. తిరిగి ఇచ్చే పద్ధతి విషయంలో ఇమాముల మధ్య అభిప్రాయభేదం ఉంది. అయితే ఇది మోసమని, హరామ్ అని అనడంలో ఎవరికీ భేదం లేదు.

అలాగే మదీనా బజారులో ధాన్యపు రాశిలోకి దైవప్రవక్త (స) చేయి పోనిచ్చినప్పుడు లోపల వేళ్లకు తడి తగిలింది. వానకు తడిసిందని అమ్మేవాడు చెప్పాడు. తడిసిన భాగాన్ని అందరికీ కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) ప్రశ్నించి, మోసం చేసేవాడు తన మార్గానికి చెందినవాడు కాడని హెచ్చరించారు. గమనించండి! ఆ వర్తకుడు అబద్ధమేమీ ఆడలేదు. తడి సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. అయినా ఆ మౌనాన్నే ప్రవక్త (స) మోసంగా పరిగణించారు. వేరుశనగ బస్తా పైన ఎండుకాయలు, అడుగున పచ్చికాయలు పోసే రైతుకు, మీటరు మాత్రమే చూపి బ్యాటరీ సంగతి దాచే అమ్మకందారుకు ఇందులో జవాబు ఉంది.

ఇమామె ఆజం అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) వస్త్ర వ్యాపారి. లోపమున్న ఒక వస్త్రాన్ని, ఆ లోపం చెప్పి అమ్మమని తన భాగస్వామికి పురమాయించారు. భాగస్వామి మరచిపోయి, చెప్పకుండా అమ్మేశాడు. కొన్నవాడెవరో తెలియలేదు. ఇమామ్ గారు ఆ సొమ్మును తన దగ్గర ఉంచుకోక దానం చేసేశారు. పట్టుచీరలకు పేరుగాంచిన ధర్మవరం పక్కనే ఉన్నవాళ్లం మనం. నేతలో ఒక్క పోగు తెగినా చీర ధర ఎలా మారుతుందో మనకు ఒకరు చెప్పనక్కర లేదు.

ఏది లోపం, ఏది కాదు?

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. పాత బండి అన్నాక బ్యాటరీ అరగకుండా ఉంటుందా, అదీ లోపమేనా అని. ఫిఖ్హ్ గ్రంథాలు దీనికి ఒక కొలమానం ఇచ్చాయి. ఆ సరుకు తెలిసిన వర్తకుల దృష్టిలో ధరను తగ్గించేదేదో అదే లోపం (ఐబ్). అయిదేళ్లు తిరిగిన కారు బ్యాటరీ ఆ వయసుకు తగినంత అరగడం సహజం. కొనేవాడు దాన్ని ఊహించే ధర అడుగుతాడు. కాని వయసుకు మించి అరిగినా, బ్యాటరీ పెట్టెకు దెబ్బ తగిలినా, వరదనీటిలో మునిగినా, లోపలి సెల్స్ మార్చినా అది లోపమే. అడగకపోయినా చెప్పి తీరవలసిందే.

"చూసుకొని తీసుకో, తర్వాత నాకు సంబంధం లేదు" అని ముందే చెబితే సరిపోదా అని కొందరు అడుగుతారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం అలాంటి షరతుకు కొనేవాడు ఒప్పుకుంటే సరుకు తిప్పి ఇచ్చే హక్కు పోతుంది. కాని తెలిసిన లోపాన్ని దాచిన పాపం మాత్రం పోదు. న్యాయస్థానంలో గెలవడం వేరు, అల్లాహ్ ముందు నిలబడటం వేరు.

పరీక్షించే పద్ధతి

కొనేవాడు, అమ్మేవాడు కలిసి ఈ క్రింది విధంగా చూసుకోవాలి.

1. కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రంలో బ్యాటరీ పరీక్ష చేయించి, ఆరోగ్యం ఎంత శాతముందో రాతపూర్వకంగా అడగాలి. సెల్స్ మధ్య వోల్టేజీ తేడా ఎక్కువగా ఉందేమో కూడా విచారించాలి. ఒక్క బలహీనమైన సెల్ మొత్తం బ్యాటరీని కుంటుపరుస్తుంది.

2. బండిని నడిపి లెక్క చూడాలి. 2020 జనవరిలో విడుదలైన తొలి టాటా నెక్సాన్ ఈవీనే ఉదాహరణగా తీసుకుందాం. దాని బ్యాటరీ 30.2 యూనిట్లు. 100 శాతం నుండి బయలుదేరి 30 శాతం వరకు నడిపితే 70 శాతం ఖర్చయినట్లు. ఆలోపు 120 కిలోమీటర్లు నడిచిందని, 100 కిలోమీటర్లకు 15 యూనిట్ల చొప్పున ఖర్చయిందని బండి చూపిందనుకోండి. అంటే 18 యూనిట్లు. 18ని 0.70తో భాగిస్తే దాదాపు 25.7. ఇది 30.2లో సుమారు 85 శాతం. ఇది ఉజ్జాయింపు మాత్రమే. సర్వీసు కేంద్రం నివేదికతో సరిపోల్చుకోవాలి. చార్జింగులో కొంత కరెంటు వేడిగా పోతుంది కనుక ఇంటి మీటరు లెక్కను నేరుగా ఇందులో కలపకూడదు.

3. ప్రకటనలోని దూరాన్ని నమ్మి బేరం చేయకూడదు. ఆ తొలి నెక్సాన్‌కు ధ్రువీకరించిన దూరం 312 కిలోమీటర్లు. అది నిర్ణీత పరీక్షలో వచ్చిన లెక్క. రోడ్డు మీద, ఏసీ వేసుకొని నడిపితే కొత్త బండి కూడా అంత దూరం రాదు. అమ్మేవాడు ఆ సంఖ్యను బండి నేటి సామర్థ్యంగా చెప్పడం అబద్ధమే అవుతుంది.

4. బండిని పైకి లేపించి, అడుగున ఉన్న బ్యాటరీ పెట్టెకు రాళ్ల దెబ్బలు, సొట్టలు, తుప్పు ఉన్నాయేమో చూడాలి.

5. వారంటీ పత్రం చదవాలి. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, వారంటీ ఇస్తున్నాయి. ఆ గడువు మొదటి యజమాని కొన్ననాటి నుండి లెక్కకు వస్తుంది. కొన్ని కార్లకు ఇచ్చే జీవితకాల వారంటీ మొదటి యజమానికే పరిమితం.

6. బ్యాటరీ ఎవరిదో అడగాలి. 2024 సెప్టెంబరులో వచ్చిన ఎంజీ విండ్సర్ కారును, బ్యాటరీకి కిలోమీటరు చొప్పున అద్దె చెల్లించే పద్ధతిలోనూ అమ్మారు. అలాంటి బండిలో బ్యాటరీ బాకీ విడిగా ఉంటుంది. తనది కానిదాన్ని అమ్మకూడదన్నది షరీఅత్ సూత్రం. కనుక బ్యాంకు అప్పు, బ్యాటరీ అద్దె తీరాయన్న పత్రాలు చూశాకే ఫారం 29, 30ల మీద సంతకాలు చేయాలి.

7. నోటిమాటతో సరిపెట్టుకోక, బ్యాటరీ శాతాన్ని, తెలిసిన లోపాలను కాగితం మీద రాసుకోవాలి. మూడు రోజులు నడిపి చూసి, నచ్చకపోతే తిప్పి ఇస్తానని ముందే షరతు పెట్టుకోవచ్చు. దీన్ని ఖియారె షర్త్ అంటారు.

కొన్న తర్వాత పాత లోపం బయటపడితే ఖియారె ఐబ్ ప్రకారం బండిని తిప్పి ఇచ్చి సొమ్ము తీసుకునే హక్కు ఉంది. కాని లోపం తెలిశాక కూడా ఊరకే తిప్పుకుంటూ ఉంటే ఒప్పుకున్నట్లే లెక్క. వెంటనే వాహనం ఆపి, అమ్మినవారికి తెలియజేయాలి.

కొనేవాడికీ ఒక మాట

నిజాయితీ ఒక్క అమ్మేవాడికే పరిమితం కాదు. సహాబీ హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజియల్లాహు అన్హు) కోసం ఆయన మనిషి 300 దిర్హములకు ఒక గుర్రాన్ని బేరమాడాడు. గుర్రం అంతకంటే విలువైనదని జరీర్ (రజి) తానే అమ్మేవాడికి చెప్పి, ధర పెంచుతూ పోయి 800 ఇచ్చారని తబరానీ ఉల్లేఖనంలో ఉంది. ప్రతి ముస్లిం మేలు కోరతానని తాను ప్రవక్త (స)కు మాట ఇచ్చానని ఆయన అన్నారు. మంచి బ్యాటరీని చెడ్డదని చెప్పి, వారంటీ సంగతి తెలియని పెద్దాయన దగ్గర సగం ధరకు కొట్టేయడం కూడా మోసమే.

ఆ సోదరుడికి ఇదంతా వివరించి, "భాయ్, రాత్రంతా చార్జింగు పెట్టు, అందులో తప్పేమీ లేదు. పరీక్షకు అది అవసరం కూడా. కాని మీటరుతో పాటు నిజం కూడా చూపించు" అన్నాను. ఆయన బ్యాటరీ నివేదిక తీయించి, కదిరి నుండి వచ్చినాయన చేతిలో పెట్టాడు. ధర కొంత తగ్గింది. అయితే కొనేవాడి రోజువారీ ప్రయాణం ఆ బ్యాటరీకి మించదు కనుక తెలిసే, సంతోషంగా తీసుకున్నాడు. ఇద్దరూ నిజం చెప్పి, లోపాలు వివరించుకుంటే బేరంలో బర్కత్ కలుగుతుందని, దాచి అబద్ధమాడితే ఆ బర్కత్ తుడిచిపెట్టుకుపోతుందని దైవప్రవక్త (స) బోధించారు కదా! తగ్గిన ఆ కొంచెం సొమ్ము నష్టం కాదు, మిగిలిన సొమ్ము హలాల్ కావడానికి చెల్లించిన ధర.

అల్లాహ్ మన సంపాదనను పరిశుద్ధం చేయుగాక! మన క్రయవిక్రయాల్లో సత్యాన్ని, బర్కత్‌ను ప్రసాదించుగాక! ఆమీన్.