తోడు దారికి, కాశీకి కాదు

ప్రశ్న: నా వయసు 61. టీచరుగా రిటైరయ్యాను. మా ఆయన పోయి రెండేళ్లయింది. కాశీకి ఒక్కదాన్నే వెళ్లి నాలుగు రోజులు ఉండి రావాలని కోరిక. కొడుకులిద్దరూ ఒప్పుకోవడం లేదు. "టూరు బస్సులో పదిమందితో పంపిస్తాం, ఒంటరిగా మాత్రం వద్దు" అంటున్నారు. వాళ్ల మాట కాదనలేను, కోరిక చంపుకోలేను. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, మదనపల్లె

జవాబు: వెళ్లండమ్మా. అయితే నాలుగు రోజులు చాలవు. తొమ్మిది రాత్రులు ఉండి రండి.

మీ పిల్లలు పైకి చెబుతున్నది భద్రత గురించి. లోపల ఇంకో భయం ఉంటుంది. "ఇద్దరు కొడుకులుండీ తల్లిని ఒంటరిగా కాశీకి పంపారు" అని నలుగురూ అంటారేమోనని. కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటే అన్న సామెత మన ఇళ్లలో ఇంకా బతికే ఉంది. ఆ సామెత పుట్టింది కాశీలో కాదు, కాశీకి వెళ్లే దారిలో. ఏనుగుల వీరాస్వామయ్య సంగతి చూడండి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా చేసిన మనిషి. 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం, వెంట సుమారు వందమంది పరివారం. దారి పొడవునా ఆయన స్నేహితుడికి రాసిన సంగతులే 'కాశీయాత్ర చరిత్ర'గా 1838లో అచ్చయ్యాయి. అది తిరగేస్తే అంతమంది ఎందుకో తెలుస్తుంది. మజిలీలో దిగడానికి చోటుందా, అంగళ్లున్నాయా, బియ్యం పప్పు దొరుకుతాయా, ఏరు దాటడం ఎలా, అడవి ఎంత దూరం - పేజీ పేజీకీ ఇవే లెక్కలు. బాటసారుల మెడకు రుమాలు బిగించి దోచుకునే థగ్గులు నడిదేశపు దారుల్లో తిరుగుతున్న కాలం అది. గుంపుగా వెళ్లమన్న పెద్దల మాట ఆ దారికి నూటికి నూరుపాళ్లూ సరైన మాట. ఇవాళ ఆ దారి మనకు రైల్లో రెండు రాత్రుల నిద్ర. దారి మారిపోయింది. దారికోసం పెట్టుకున్న నియమాన్ని మాత్రం మనం తెచ్చి ఊరికి తగిలించాం.

ఊరికోసం పెద్దలు పెట్టిన నియమం వేరే ఉంది. అదే తొమ్మిది రాత్రుల నిద్ర. తల్లి కడుపులో ఉన్న తొమ్మిది నెలలకు గుర్తు అంటారు. ఆ నమ్మకం లేనివాళ్లకు కూడా, ఇరుకు సందుల పాత ఊరిని చూడడానికి అంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు. ప్యాకేజీల్లో పూరీ, గయ, ప్రయాగ, అయోధ్య, నైమిశారణ్యం అన్నీ కలిపాక కాశీకి తరచుగా మిగిలేది ఒకటిన్నర రోజు. అందులో సగం క్యూలోనే పోతుంది. మిగతా సగంలో మీ మోకాళ్లు గైడు నడకతో పరుగెత్తాలి. మెట్ల మీద గంటసేపు కూర్చోవాలనిపిస్తే కుదరదు, బస్సు కదులుతుంది. పోనీ గుంపులో భద్రత ఉందా అంటే, అదీ అనుమానమే. ముందు నడిచే జెండాను చూస్తూ పోయేవాళ్లు దారి చూడరు. గుంపు చెదిరిందా, తాము ఎక్కడున్నారో, బస ఎటుందో వాళ్లకు తెలియదు. యాత్రాస్థలంలో మోసం జరిగేది ఒంటరివాళ్లకని కాదు, ఆత్రపడేవాళ్లకు. పడవవాడు రెండింతలు అడిగినా, పూజ మధ్యలో దక్షిణ పెరిగినా, మణికర్ణిక దగ్గర ఎవరో వచ్చి అనాథల చితికి కట్టెల ఖర్చంటూ వేలు అడిగినా, వాళ్ల ధైర్యమంతా ఒక్కటే: ఈ మనిషి మళ్లీ రాదు. తొమ్మిది రోజులు ఉండే మనిషి "రేపు వస్తాన్లే బాబూ" అని కదిలిపోగలదు. నిజంగానే రేపు మళ్లీ అదే మెట్ల మీద కనబడుతుంది. మూడోరోజుకు టీ కొట్టువాడు పలకరిస్తాడు, పూలమ్మే ఆమె గుర్తుపడుతుంది. కొత్త ఊళ్లో అంతకన్నా తోడు ఏముంటుంది?

ఇక దారి తెలుసుకోవడం. గంగ అక్కడ ఉత్తరంగా పారుతుంది. ఊరంతా పడమటి ఒడ్డున ఉంది. తెలుగువాళ్లు ఎక్కువగా దిగేది కేదార్ ఘాట్, మానససరోవర్ ఘాట్, పాండే హవేలీ చుట్టుపక్కల. శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం ఉన్నదీ అక్కడే. ఆ సందుల్లో తెలుగు బోర్డులు, తెలుగు మాట, ఇడ్లీ దోసె దొరుకుతాయి. తెల్ల చారలు ఎర్ర చారలు నిలువునా పూసిన కేదారేశ్వరుడి గుడిని గుర్తు పెట్టుకోండి. అక్కడినుంచి గంగ మీ కుడిచేతి వైపు ఉండేలా నడిస్తే దశాశ్వమేధం, ఇంకా ముందుకు మణికర్ణిక వస్తాయి. ఎడమచేతి వైపు ఉంటే హరిశ్చంద్ర ఘాట్, హనుమాన్ ఘాట్ దాటి అస్సీకి చేరతారు. ఘాట్ పేర్లు గోడల మీద పెద్దగా రాసి ఉంటాయి. సందుల్లో తప్పిపోతే "ఘాట్ కిధర్ హై" అని అడిగి నీళ్ల దగ్గరికి దిగిపోండి. అక్కడ చేతి లెక్క మళ్లీ పనికొస్తుంది. ఫోనులో మ్యాపు ఉందిగా అంటారు మీ పిల్లలు. విశ్వనాథుడి గుడిలోకి ఫోను రానివ్వరు. గుడికి వెళ్లే పూట దాన్ని గదిలో పెట్టి రావడమే మంచిది. అంటే అన్నిటికన్నా రద్దీ ఉన్నచోట మీ చేతిలో మ్యాపు ఉండదు. అందుకే మొదటిరోజు ఏ దర్శనమూ పెట్టుకోకండి. గది నుంచి ఘాట్‌కు, ఘాట్ నుంచి గదికి వెలుగులో ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి నడవండి. బస చిరునామా హిందీలో రాయించిన కాగితం కొంగుకు ముడి వేసుకోండి.

"ఒంట్లో బాగాలేకపోతే?" అంటారు. ఈ ప్రశ్న న్యాయమైనదే. మందుల చీటీ, పిల్లల నంబర్లు బస ఆఫీసులో ఇచ్చి పెట్టండి. రోజూ ఒకే వేళకు, రాత్రి ఏడున్నర అనుకోండి, ఇంటికి ఫోను చేయండి. వేళ దాటితే ఎవరికి ఫోను చేయాలో పిల్లలకు ముందే తెలిసి ఉండాలి. మీ ఇంట్లో జారిపడినా మీకు ఇంతకన్నా ఏర్పాటు ఉండదు. అసలైన చిక్కు ఇంకొకటుంది. ఒంటరిగా వచ్చినవాళ్లకు గది ఇవ్వని సత్రాలున్నాయి. చనిపోవడానికి వచ్చారేమోనన్న భయం వాళ్లది. బయల్దేరకముందే ఫోను చేసి "ఒక్కదాన్నే వస్తున్నా, తొమ్మిది రాత్రులు" అని స్పష్టంగా చెప్పి, ఒప్పుకున్నట్టు మెసేజీ తెప్పించుకోండి. పెద్దకొడుకు చేత ఆ ఫోను చేయిస్తే ఇంకా మంచిది. అతనికీ ఇందులో ఒక పని దొరుకుతుంది. వానాకాలంలో ఘాట్‌లు మునిగి ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిచే వీలుండదు, మే జూన్‌లలో ఎండ భరించలేరు, డిసెంబరు చివర నుంచి జనవరి దాకా పొగమంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. కార్తీక పౌర్ణమికి అక్కడ దేవ దీపావళి, ఇసుకేస్తే రాలని జనం. అది దాటిన వారానికి వెళ్లండి, లేదా శివరాత్రి రద్దీ తప్పించి ఫిబ్రవరిలో.

ప్రశ్న: నాకు మూడు రోజుల సెలవు ఉంది. ఒక్కణ్ణే కాశీ, ప్రయాగ, అయోధ్య మూడూ చుట్టి రాగలనా?
- పుంగనూరు

జవాబు: చుట్టి రాగలవు నాయనా, చూసి రాలేవు. కాశీ నుంచి ప్రయాగ సుమారు 120 కిలోమీటర్లు, అయోధ్య 200 పైమాటే. మీ ఊరికి రైలే లేదు. బెంగళూరు చేరడానికే ఒక పూట. అక్కడి నుంచి వారణాసికి నేరుగా విమానం ఉన్నా, మూడు రోజుల్లో నీకు బాగా గుర్తుండేవి టాక్సీ సీటు, హోటల్ గది పైకప్పు. తొమ్మిది రాత్రులు ఉండమని నీకు చెప్పను, ఉద్యోగం పోతుంది. మూడు రోజులూ కాశీలోనే ఉండు. తెల్లవారుజామున ఒక పడవ, సాయంత్రం హారతి, మధ్యాహ్నం ఖాళీ. పడవ ఎక్కేముందే మనిషికి ఎంతా, పడవకి ఎంతా అని తేల్చుకో. గొడవలన్నీ ఆ ఒక్క మాట తేలకనే వస్తాయి. మిగతా రెండు ఊళ్లూ వచ్చే ఏడాదికీ అక్కడే ఉంటాయి.

ప్రశ్న: కుప్పం నుంచి కాశీకి ఏ రైలు?
- కుప్పం

జవాబు: బెంగళూరులోనో కాట్పాడిలోనో సంఘమిత్ర ఎక్కండి. అది కాశీలోకి వెళ్లదు. పాత మొగల్‌సరాయి, ఇప్పటి పండిట్ దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగాలి. చీకటి ఉండగా దిగితే తెల్లవారేదాకా వెయిటింగ్ హాల్లోనే కూర్చోండి.

ప్రశ్న: నీరుగట్టువారిపల్లెలో మాకు మగ్గాలున్నాయి. తమ్ముడి పెళ్లికి బనారసు చీర అక్కడే కొనాలని ఒక్కదాన్నే వెళ్తున్నాను. మోసపోకుండా ఉండేదెలా?
- మదనపల్లె

జవాబు: మగ్గం ఎరిగిన కన్ను మీది, సగం భయం అక్కడే తీరాలి. చీర వెనక్కి తిప్పి చూడండి. కఢువా పనిలో ఒక్కో బుటాను విడిగా నేస్తారు కాబట్టి వెనకవైపు శుభ్రంగా ఉంటుంది, బుటాకూ బుటాకూ మధ్య దారాలు సాగి ఉండవు. అంచు నుంచి అంచుకు అదనపు పేక వేసి తర్వాత కత్తిరించిన రకానికి వెనక తెగిన దారపు కొసలు కనబడతాయి. రెండూ బనారసు చీరలే. కానీ మొదటిదానికి పట్టే రోజులు ఎక్కువ, ధరలో ఆ తేడా ఉండి తీరాలి. రెండోదాన్ని మొదటిదాని ధరకు అమ్మడమే మోసం. 2009 నుంచి బనారసు నేతకు భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ గుర్తు అడిగి చూడండి. ఆటోవాడు, పడవవాడు చూపించిన కొట్టుకు వెళ్లకండి, వాళ్ల కమీషన్ మీ చీర ధరలోనే కలుస్తుంది. గొదౌలియా నుంచి సోనార్‌పురాకు వచ్చే దారిలో మదన్‌పురా ఉంది, అది నేతగాళ్ల పేట. నాలుగైదు రోజులు కొట్లలో ఊరికే చూసి, ధరల మీద పట్టు దొరికాక కొనండి. ఆత్రం ఉన్నవాళ్లకు చీర ధర కూడా పెరుగుతుంది.

ప్రశ్న: ద్రావిడ విశ్వవిద్యాలయంలో చదువుతున్నాను. దేవుడి మీద నమ్మకం లేదు. పాత ఊళ్లంటే ఇష్టం. కాశీకి ఒంటరిగా వెళ్తే నేను చూసేదేమైనా ఉంటుందా?
- ఒక విద్యార్థిని, కుప్పం

జవాబు: చాలా ఉంది. సారనాథ్ పది కిలోమీటర్లే. బుద్ధుడు మొదట బోధించిన చోటు. మన రూపాయి నోటు మీది సింహాలు ఆ మ్యూజియంలోనే ఉన్నాయి. శుక్రవారం మూసేస్తారు, ఆరోజు వెళ్లకు. దశాశ్వమేధం పక్కనే మాన్ మందిర్ మీద జైసింగ్ కట్టించిన నక్షత్రశాల ఉంది. హిందూ విశ్వవిద్యాలయంలో భారత్ కళా భవన్ ఉంది. మీ వైపు మదనపల్లెకు కాశీతో ఉన్న బంధం ఇంకా దగ్గరిది. 1915లో మదనపల్లెలో కాలేజీ వెలసింది అనీబిసెంట్ పూనికతోనే. 1898లో కాశీలో ఆమె పెట్టిన సెంట్రల్ హిందూ కాలేజీ 1916లో వచ్చిన హిందూ విశ్వవిద్యాలయానికి పునాది అయింది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరున్న ఫౌండేషన్ బడి కాశీలో రాజ్‌ఘాట్ దగ్గర, వరుణానది గంగలో కలిసే వైపు ఉంది. అక్కడిదాకా వెళ్లే యాత్రికులు తక్కువ. నువ్వు వెళ్లు. చితుల ఫొటోలు మాత్రం తీయకు, అవి ఎవరో ఒకరి ఇంటి దుఃఖం. రాత్రి తొమ్మిది దాటాక జనం లేని మెట్ల మీద ఉండకు. 112, ఉత్తరప్రదేశ్ మహిళల లైను 1090, ఈ రెండు నంబర్లూ కాగితం మీద కూడా రాసుకో.

ప్రశ్న: కాశీలో కాకరకాయ వదిలేస్తే సరిపోతుందా?
- పుంగనూరు

జవాబు: ఇష్టమైనదాన్ని వదలాలన్నది ఆచారం. కాకరకాయ మీకు ఇష్టమైతేనే వదలండి.

ప్రశ్న: మా అమ్మ ఒంటరిగా కాశీకి వెళ్తానని పట్టుబట్టింది. ఆపేదెలా?
- కుప్పం

జవాబు: ఆపకండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. 45 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు కింది బెర్తు కోటా ఉంది. తెరిచిన రోజు ఉదయమే ఆమె పేరున టికెట్టు తీయండి.