అప్పటి పాట, ఇప్పటి చెవి

ప్రశ్న: మాది పూతలపట్టు దగ్గర పల్లె. వయసు 60. తోటలో పని చేసుకుంటా ఫోన్‌లో పాటలు వింటా. ‘శంకరాభరణం’ నాటి పాటల ముందు ఇప్పటివి నిలవవంటే, మా పిల్లోడు ‘నీకు వయసైపోయింది నాయినా’ అంటాడు. ఎవరిది నిజం?
— ఒక మామిడి రైతు

సమాధానం: కోప్పడకండి, మీ వాడి మాటలోనే నిజం కాస్త ఎక్కువ. ‘శంకరాభరణం’ వచ్చింది 1980లో. అప్పటికి మీకు పదిహేనేళ్ళు. పదికీ ముప్పైకీ మధ్య జరిగినవే పెద్దయ్యాక ఎక్కువగా గుర్తుంటాయని జ్ఞాపకాల మీద పరిశోధించినవాళ్ళు చెబుతారు. ఆ వయసులో విన్న పాటకి టూరింగ్ టాకీసు ఇసక, ఇంటర్వెల్ మురుకులు, పక్కన కూర్చున్న స్నేహితుడు అన్నీ అంటుకునే ఉంటాయి. పల్లవి మొదలవగానే అవన్నీ లేచొస్తాయి. మార్కులు మాత్రం పాటకి వేసేస్తాం.

పైగా నలభై ఏళ్ళ జల్లెడలో నిలిచిన పాటలే మీ ఫోన్‌లో ఉన్నాయి. వారం ఆడని సినిమాల పాటలు ఎవరికీ గుర్తులేవు. వాటిని వదిలేసి, నిన్న వచ్చిన పాటలన్నిటితో పోల్చడమంటే మండీకి ఏరి పెట్టిన కాయని చెట్టు కింద రాలిన కాయతో పోల్చడమే. ఘంటసాలతో పెరిగిన మా నాన్న, రేడియోలో బాలసుబ్రహ్మణ్యం వస్తే ‘పిల్లగొంతు’ అని స్టేషను తిప్పేసేవారు. ఆ పిల్లగొంతే ఇప్పుడు మీకు కొలత!

ఒక పని చేయండి. 1980లోనే వచ్చి, మీరు ఇంతవరకూ విననే వినని పాట ఒకటి వెతికి వినండి. అదీ అంతే తియ్యగా ఉంటే నాకు రాయండి, ఒప్పుకుంటాను.

అన్నట్టు, క్రుమ్‌హాన్సల్, జుప్నిక్ అనే ఇద్దరు అమెరికాలో కాలేజీ పిల్లలకు పాత హిట్లు వినిపించి 2013లో ఫలితాలు ప్రకటించారు. తమ అమ్మానాన్నల వయసుకాలం పాటలంటే ఆ పిల్లలకూ ప్రత్యేకమైన మక్కువ కనబడింది. మీ వాడూ ఇంట్లో మీ పాటలు వింటూ పెరిగినవాడేగా. ఇంకో పదేళ్ళాగి అడగండి.

ప్రశ్న: ఘంటసాల భగవద్గీత మైకులో వినబడితే నాకు గుండె దడ. ఎందుకు?
— డిగ్రీ విద్యార్థిని, పూతలపట్టు

సమాధానం: తప్పు పాటది కాదు తల్లీ, మైకుసెట్టుది. మన పల్లెల్లో ఎవరైనా పోతే బంధువులకంటే ముందు కబురు మైకుసెట్టువాళ్ళకే, వాళ్ళు పెట్టేది ఈ గీతే. గీత వినబడగానే ‘ఎవురు పోయింది?’ అంటూ వీధిలోకి వస్తాం. నిజానికి అవి దిగాలుపడ్డ అర్జునుణ్ణి యుద్ధానికి లేపిన మాటలు. ఒకరోజు పొద్దున్నే, తక్కువ సౌండుతో ఇంట్లో పెట్టుకుని విను. మొదటిరోజు మాత్రం మీ అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొస్తుంది.