మట్టిలో దాగిన పాత కబురు

మార్కాపురం పలక మీకు తెలుసు. మనలో చాలామంది దాని మీదే అక్షరాలు దిద్దాం. ఆ పలకరాయి ఒకప్పుడు నీళ్ల అడుగున పేరుకున్న బురద. పొర మీద పొర పడి, బరువుకు అణిగి, వేడికి రాయి అయింది. అది జరిగి వంద కోట్ల ఏళ్లు దాటింది. అప్పటికి ఎముకలున్న జంతువులే పుట్టలేదు. అందుకే పలక గనుల్లో ఎముకలు దొరకవు.

తర్వాతి కాలంలో జంతువులు పుట్టాయి. వాటి ఎముకలు, గుడ్ల పెంకులు మట్టిలో పూడిపోయాయి. కొన్ని చెడిపోకుండా వేల, లక్షల ఏళ్లు మిగిలాయి. వాటినే శిలాజాలు అంటారు.

మోట్రావులపాడు దగ్గర అలాంటివే దొరికాయి. బరోడా విశ్వవిద్యాలయం వాళ్లు అక్కడ తవ్వారు. నిప్పుకోడి గూడు బయటపడింది! గుడ్ల పెంకు ముక్కలు 3,500 దాకా ఉన్నాయి. వాటి వయసు సుమారు 41,000 ఏళ్లు. ఈ సంగతి 2024లో పేపర్లలో వచ్చింది. ఒకప్పుడు మన నేల మీద నిప్పుకోళ్లు తిరిగాయన్నమాట.

పెద్ద పనులు జరిగే చోట ఇంకా లోతుగా తవ్వుతారు. పనామా అనే దేశంలో ఓడలు పోయే కాలువ ఉంది. 2007 నుంచి 2016 వరకు దాన్ని వెడల్పు చేశారు. కొండలు పగలగొట్టినప్పుడు పాత రాతిపొరలు కనబడ్డాయి. వానలు పడి చెట్లు మొలిస్తే అవి మళ్లీ మూసుకుపోతాయి. అందుకని శాస్త్రవేత్తలు వెంటనే వెతికారు. అమెరికాలో చదువుకునే యువతీ యువకులు పనామా వెళ్లి, వాళ్ల దగ్గర పని నేర్చుకున్నారు. అక్కడ 2 కోట్ల ఏళ్ల నాటి చిన్న ఒంటెల ఎముకలు దొరికాయి. అల్డో రింకాన్ అనే విద్యార్థి, తోటివాళ్లతో కలిసి, 2012లో ఆ సంగతి లోకానికి తెలిపాడు.

మన దగ్గర కూడా వెలిగొండ సొరంగాలు తవ్వారు. కాలువలు, చెరువు పూడికలు, బావులు తవ్వుతూనే ఉన్నాం. మట్టి తట్ట ఎత్తేది ఎక్కువగా ఆడవాళ్లే. వింత ఎముకో, పెంకో ముందు మన కంటనే పడొచ్చు. అప్పుడు ఏం చేయాలి?

పగలగొట్టొద్దు. ఇంటికి తేవద్దు. ఆ చోట పని ఆపమని మేస్త్రీకి చెప్పండి. ఏ ఊరు, ఏ తేదీ, ఎంత లోతు అన్నది కాగితం మీద రాయండి. ఆ కాగితం పంచాయతీలో ఇవ్వండి. బడిలో సైన్సు టీచరుకూ చూపండి. రాయడం వచ్చింది కదా, ఈ పని మీరే చేయగలరు.

ఒక్క గునపం పోటుతో 41,000 ఏళ్ల గుడ్డు పొడి అవుతుంది. ఒక్క చీటీతో అది నిలుస్తుంది. రేపు దాన్ని చదివి చెప్పేది మీ అమ్మాయే కావచ్చు.

మాట్లాడుకోండి: మీ ఊళ్లో బావి తవ్వినప్పుడు ఏమేం బయటపడ్డాయి? పెద్దవాళ్లను అడిగి, రెండు మాటలు రాయండి.