ఫుకువోకా యతాయిలో మొదటి రాత్రి: ఎలా వెళ్లాలి, ఎలా కూర్చోవాలి, ఏం తినాలి

జపాన్‌లో వీధి తిండి అనగానే అందరూ ఒసాకా పేరు చెబుతారు. నన్నడిగితే క్యూషూ దీవిలోని ఫుకువోకాకి వెళ్లమంటాను. అక్కడ పొద్దుగూకే వేళకి పేవ్‌మెంట్ల మీద వంద దాకా బండి హోటళ్లు వెలుస్తాయి. తెల్లారేసరికి ఒక్కటీ కనబడదు. వీటిని యతాయి అంటారు. ఒక్కోదాంట్లో ఎనిమిది పది మందికే చోటు. మన బజ్జీల బండి దగ్గరైతే నిలబడి తిని, చేతులు దులుపుకుని వెళ్లిపోతాం. ఇక్కడ ముక్కూమొహం తెలియని మనిషి పక్కన భుజం తగిలేలా బెంచీ మీద కూర్చోవాలి. ఆ కూర్చునే తీరు ముందు తెలుసుకుంటే మిగతాదంతా తేలిక.

ఊరు చేరడం

వీసా మన దేశంలోనే తీసుకుని బయల్దేరాలి. ఫుకువోకా విమానాశ్రయం దాదాపు ఊళ్లోనే ఉంటుంది. అంతర్జాతీయ టెర్మినల్‌లో దిగితే ఉచిత బస్సులో దేశీయ టెర్మినల్‌కి వెళ్లి సబ్‌వే ఎక్కండి. హకాటా స్టేషన్‌కి ఐదు నిమిషాలు, తెన్‌జిన్‌కి పదకొండు. ఒసాకా నుంచి వచ్చేవాళ్లకి షిన్‌కాన్‌సెన్ రైల్లో సుమారు రెండున్నర గంటలు. టికెట్ కొనేటప్పుడు హకాటా అని అడగాలి. ఎందుకంటే ఒకప్పుడు ఊళ్లోని నకా నదికి ఒకవైపు సమురాయ్‌ల ఫుకువోకా, మరోవైపు వర్తకుల హకాటా ఉండేవి. 1889లో రెండూ ఒకే నగరమయ్యాయి. ఊరికి ఒక పేరు, స్టేషన్‌కి రెండోది దక్కాయి.

చోటు ఎంచుకోవడం

యతాయిలు ముఖ్యంగా మూడు చోట్ల ఉంటాయి. నకాసులో నది ఒడ్డున వరసగా ఉంటాయి. నీళ్లలో దీపాల వెలుగు చూడటానికి పర్యాటకులంతా అక్కడికే వస్తారు, ధర కూడా కాస్త ఎక్కువే. చేపల మార్కెట్ దగ్గరి నగహామా రామెన్‌కి పేరు. మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను తెన్‌జిన్ చెబుతాను. ఆఫీసులు వదిలాక స్థానికులు అక్కడ కూర్చుంటారు, మాట కలుపుతారు.

బయల్దేరే ముందు

ఎక్కువ బండ్లు సాయంత్రం ఆరూ ఆరున్నరకి తెరిచి అర్ధరాత్రి దాటేదాకా ఉంటాయి. ఆదివారం చాలా మూసి ఉంటాయి. యతాయిలో మరుగుదొడ్డి ఉండదు కాబట్టి ఆ పని ముందే చూసుకోండి. పెద్ద బ్యాగులు హోటల్లో వదిలేయండి. చేతిలో నగదు ఉండాలి. మనిషికి రెండు మూడు వేల యెన్‌లు పెట్టుకుంటే నిశ్చింత. ముగ్గురికి మించకుండా వెళ్లండి, ఆరుగురు ఒక్కసారి వస్తే కూర్చోబెట్టే చోటే ఉండదు.

కూర్చోవడం

తెర పక్కకి తీసి, ఎంతమందో వేళ్లతో చూపించి ఆగండి. యజమాని చూపించిన చోటే కూర్చోవాలి. ధరల పట్టిక కనబడేలా ఉంటుంది, ముందు అది చూడండి. మనిషికి కనీసం ఒక వంటకం, ఒక పానీయం చెప్పడం మర్యాద. మద్యం తాగనివాళ్లు ఊలాంగ్ టీ అడగొచ్చు. ఇంకెవరైనా వస్తే కాస్త జరగాలి.

ఈ మర్యాదల మీద నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఉంది. 1960ల్లో ఇక్కడ నాలుగు వందలకు పైగా యతాయిలు ఉండేవి. తర్వాత పేవ్‌మెంట్ ఆక్రమణ, మురికి, అడ్డగోలు ధరలు అంటూ ఫిర్యాదులొచ్చాయి. 1995లో పోలీసులు ఇవి ఒక్క తరంతో ఆగిపోవాలన్నారు. అలాగే సాగుంటే ఇవి ఎప్పటికో మాయమైపోయేవి. 2013లో నగరపాలిక ప్రత్యేక నిబంధనలు తెచ్చి, ఆ తర్వాత కొత్త యజమానులను దరఖాస్తుల ద్వారా ఎంపిక చేయడం మొదలుపెట్టింది. వీధి తిండిని చట్టంతో కాపాడుకున్న ఊరు ఇది. నాకు దానిమీద గౌరవం అందుకే.

తినడం

రామెన్‌తో మొదలుపెట్టకండి, అది చివరికి. ముందు ఓదెన్: ముల్లంగి, గుడ్డు, టోఫూ పులుసులో నెమ్మదిగా ఉడుకుతుంటాయి, కావలసినవి వేలితో చూపిస్తే చాలు. తర్వాత మెంతైకో చుట్టిన ఆమ్లెట్. మెంతైకో అంటే కారం పట్టించిన చేప జన. కొరియాలోని బుసాన్‌లో పుట్టి పెరిగిన కవహారా తొషియో 1949లో నకాసులో దీన్ని అమ్మడం మొదలుపెట్టాడు. తయారీ పద్ధతిని దాచుకోకుండా పక్కవాళ్లకీ నేర్పాడు, అందుకే ఇవాళ ఊరంతా దొరుకుతుంది. మన నాలుకకి ఇది వెంటనే నచ్చుతుంది. తెన్‌జిన్ యతాయిల్లోనే పుట్టిన యాకి రామెన్, అంటే పెనం మీద వేయించిన నూడుల్స్, కూడా రుచి చూడండి.

చివరగా రామెన్: పంది ఎముకలు గంటల తరబడి మరిగించిన తెల్లని పులుసులో సన్నటి నూడుల్స్. గట్టిగా కావాలంటే ‘కతా’, మెత్తగా కావాలంటే ‘యవా’ అనండి. పులుసు మిగిల్చి ‘కయెదమా’ అంటే ఇంకో చుట్ట నూడుల్స్ వేస్తారు.

పంది మాంసం తిననివాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పుల్లలకి గుచ్చి కాల్చే యాకితోరి అంటే కోడి మాంసమే అనుకుంటాం గానీ ఈ ఊళ్లో ఆ పుల్లల్లో పంది పొట్టభాగం కూడా మామూలే. గ్యోజా అనే కుడుముల్లోనూ పంది కైమా ఉంటుంది. ‘బుతా’ అంటే పంది, ‘గ్యూ’ అంటే గొడ్డు మాంసం. పూర్తి శాకాహారులకి యతాయిలో తిండి దొరకడం కష్టం. కూరగాయలు వేసినా పులుసు చేపలతోనే కాస్తారు. హోటల్లో భోంచేసి, ఇక్కడ ఉడికించిన ఎదమామే సోయా కాయలు, ఒక పానీయం చెప్పుకుని కూర్చోండి. పచ్చి చేప యతాయిల్లో అమ్మకూడదు కాబట్టి సుషీ కోసం వెతకొద్దు.

లేవడం

గంటలోపు లేవండి, బయట జనం నిలబడి ఉంటారు. ‘ఒకైకే ఒనెగయ్‌షిమాస్’ అంటే లెక్క చెబుతారు. టిప్ ఇవ్వొద్దు. లేస్తూ ‘గొచిసోసమా’ అంటే యజమానికి సంతోషం.

వాన పడినా, గాలి ఎక్కువైనా చాలా బండ్లు తెరవవు. కాబట్టి ఊళ్లో రెండు రాత్రులైనా పెట్టుకోండి. తడిసిన రాత్రి హకాటా ఉడోన్ దుకాణానికి వెళ్లి, గోబో అనే పొడవాటి దుంప తెంపురా వేసిన మెత్తటి ఉడోన్ నూడుల్స్ చెప్పండి. ఉడోన్, సోబా నూడుల్స్ పుట్టిన చోటు మాదేనంటూ రాయి నాటిన జోతెన్‌జి ఆలయం హకాటా స్టేషన్ నుంచి నడిచేంత దూరమే.