ఒకే ఇంట రెండు శాసనాలు

“మొక్కై వంగనిది మానై వంగునా?” అన్న లోకోక్తి ఎరుగని తెలుగు ఇల్లు లేదు. అయితే ఆ మొక్కను వంచే తీరులో తల్లిదండ్రులకే ఏకాభిప్రాయం లేనప్పుడు పసిబిడ్డ గతి ఏమిటి? ఈ ప్రశ్నను ఇచట పరిశీలించ సంకల్పించాము.

ఒక రంజాన్ పండుగ మరునాడు మేము నంద్యాల నుండి ఆళ్లగడ్డలోని బంధువుల ఇంటికి వెళ్లాము. ఆ ఇంట రెండున్నరేండ్ల బాలుడు అతిథుల కోసం ఉంచిన షీర్‌ఖుర్మా గిన్నెను చాపపై బోర్లించాడు. తండ్రి చెయ్యెత్తాడు. తల్లి చప్పున బిడ్డను ఒడిలోకి తీసుకొన్నది.

“నీ గారాబమే వాణ్ణి చెడగొడుతున్నది. మన ఊరి శిల్పులను చూడు. ఉలిదెబ్బ పడకుండా రాయి విగ్రహమవుతుందా?” అన్నాడాయన.

“బిడ్డ రాయి కాదు కదండీ! నంద్యాలలో మా అబ్బా పత్తి మొలకలకు నీళ్లు కట్టేవాడే గాని, కర్రతో కొట్టి పెంచలేదు” అన్నదామె.

బాలుడు ఏడవలేదు. ఒకసారి తండ్రి ముఖాన్ని, ఒకసారి తల్లి ముఖాన్ని చూచాడు. తండ్రి వెలుపలికి పోగానే మరల గిన్నెపై చెయ్యి వేశాడు. ఏది తప్పో వాడు గ్రహించలేదు. ఎవరి ఎదుట చేయరాదో మాత్రమే గ్రహించాడు.

తండ్రి వాదంలో కొంత సత్యమున్నది: బిడ్డకు హద్దులు అవసరం. తల్లి వాదంలోనూ సత్యమున్నది: దెబ్బ హద్దు కానేరదు. ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందరి భాగం రెండేండ్ల ప్రాయంలో ఇంకా లేత దశలోనే ఉంటుంది. అది పరిపక్వం కావడానికి ఇరవై ఏండ్లు దాటుతాయి. “వద్దు” అన్న మాట అర్థమైనా చేతిని ఆపుకొనే శక్తి ఆ వయసుకు చాలదు.

మన పెద్దలు దీనిని ఎరుగనివారు కారు. అయిదేండ్ల వరకు బిడ్డను లాలించవలెనన్న నీతి చాణక్యుని పేర నేటికీ ప్రచారంలో ఉన్నది. 1920లో భావనగర్‌లో బాలమందిరం స్థాపించిన గిజుభాయి బధేకా దండన లేని విద్యను ఆచరించి చూపాడు. తెలుగులో చలం ‘బిడ్డల శిక్షణ’ రచించాడు. స్వీడన్ దేశం 1979లో ఇంటిలో సైతం పిల్లలను కొట్టరాదని శాసించింది. మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టపు 17వ సెక్షను పాఠశాలల్లో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. కాని గడప లోపల దినదినమూ అమలు కావలసినది తల్లిదండ్రుల వివేకమే.

ఈ దోషానికి మేమును అతీతులము కాము. ఒకనాడు కోపంలో మా చిన్నారిపై చెయ్యి చేసుకొన్నాము. మరునాడు ఆమె తన బొమ్మను అదే తీరున కొట్టడం చూచి తల వంచుకొన్నాము. నాటి నుండి మా ఇంట కొన్ని నియమాలు పాటిస్తున్నాము.

మొదటిది, బిడ్డ ఎదుట తల్లిదండ్రులు వాదులాడరాదు. అభిప్రాయభేదాన్ని బిడ్డ నిద్రించిన పిదప తీర్చుకోవలెను. రెండవది, నిప్పు, రోడ్డు, ఇతరులను కొట్టడం వంటి నాలుగైదు నిషేధాలనే ఎన్నుకొని, నాయనమ్మ, అమ్మమ్మలతో సహా ఇంటిల్లిపాదీ వాటిని ఒకే తీరున పాటించవలెను. మూడవది, తప్పు జరిగినప్పుడు వస్తువును దూరంగా ఉంచి, రెండు మాటల్లో చెప్పి, ఒలికినదానిని బిడ్డ చేతనే తుడిపించవలెను. నాలుగవది, కోపం పొంగిన క్షణాన బిడ్డను రెండవవారికి అప్పగించి పక్కకు తప్పుకోవలెను.

ఆనాడు ఆ దంపతులకు మేము చెప్పినది ఇంతే: శిల్పి సైతం రాతి స్వభావం చూచుకొనే ఉలి పెడతాడు, రైతు సైతం నీరు కట్టడంతో ఊరుకోక చేనికి కంచె వేస్తాడు. వారిద్దరూ కొంతసేపు మౌనం వహించారు. పిదప తండ్రే ఒక గుడ్డ తెచ్చి బాలుని చేతికిచ్చి, తానూ చాప తుడవసాగాడు. తల్లి వారించలేదు.

విద్యార్థినీ విద్యార్థులారా! రేపు మీరును తల్లిదండ్రులవుతారు. మీ ఇంట రెండు అభిప్రాయాలు ఉండవచ్చును గాని, బిడ్డకు వినిపించే శాసనం మాత్రం ఒక్కటే కావలెనని మా మనవి.